బావ ఆపుకున్న లీవు

మా క్యాంపులో ఎవరైనా ఫుట్‌బాల్ మాట ఎత్తితే నేను గరిటె పట్టుకుని వంటగదిలోకి వెళ్ళిపోతాను. ఆట అర్థం కాక కాదు. ఒక సీజను మొత్తం దగ్గరుండి చూశాను, ఎవడు ఎక్కడ నిలబడాలో, ఏది ఆఫ్‌సైడో ఇప్పుడు నేనే చెప్పగలను. ఆట మీద నాకు కోపం లేదు. చూసేవాళ్ళను చూస్తేనే ఒళ్ళు మంట.

నేను ఖతార్‌లో, బిర్కత్ అల్ అవామిర్ అనే చోట ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ క్యాంపులో మెస్ వంటవాణ్ణి. మాది నిజామాబాద్ పక్క పల్లె. నా చెల్లెలి భర్త, అంటే మా బావ, అదే కంపెనీలో రాడ్ బైండరు. పునాదులకూ స్లాబులకూ ఇనుప చువ్వలు వంచి తీగతో కట్టే పని. రోజంతా నడుము వంచే ఉండాలి. నన్ను ఇక్కడికి రప్పించింది ఆయనే. ఇద్దరిదీ ఒకటే రూము, ఆయనది కింది మంచం, నాది పైది.

ఆ సీజనుకే ఒక పోరడు కొత్తగా పనికి వచ్చాడు, చలికాలం మొదట్లో. పేరెందుకు, బొగ్గుబాయిల ఊరివాడు. అక్కడ బాయి పని చేసేవాళ్ళ పిల్లలకు క్రికెట్ కంటే ముందు ఫుట్‌బాల్ వస్తుందట. మీసం కూడా సరిగ్గా రాలేదు. మా బావ గ్యాంగులోనే వేశారు. వారం తిరగకముందే అరచేతులు బొబ్బలెక్కితే బావ తన గ్లౌజులు ఇచ్చి, తీగ ఎలా మెలిపెట్టాలో పక్కన కూర్చుని నేర్పాడు.

అప్పటిదాకా మా కంపెనీ టీములో ఆడేవాళ్ళంతా మలయాళీలు, నేపాలీలు, గోల్ దగ్గర ఒక ఘనా మనిషి. తెలుగువాళ్ళం గట్టు మీద కూర్చుని పల్లీలు నమిలేవాళ్ళం. మాకు చూడటం తప్ప ఆడటం రాదని క్యాంపంతా వెటకారం. ఒక శుక్రవారం ప్రాక్టీసులో ఎవడికో కాలు బెణికితే ఈ పోరడు చెప్పులు విడిచి లోపలికి దిగాడు. నా చాయ్ చల్లారేలోపు గ్రౌండులో సద్దు మణిగింది. వాడు పెద్దగా ఉరకడు. నడుమ నిలబడి ఒకసారి తల తిప్పి చూసి, బంతిని ఎవరూ లేని చోటికి తంతాడు. దండగ తన్నాడే అనుకునేలోపు మనవాడొకడు అక్కడికి చేరుకుని ఉంటాడు. వీడేంది ఉరకడు, బద్ధకమా అని నేనంటే బావ నవ్వాడు.

"మేస్త్రీ ఉరుకుతడా? నిలవడి చూస్తడు, చెప్తడు. ఉరికేటోళ్ళు వేరే ఉంటరు" అన్నాడు.

మర్నాటి నుంచి వాడి రాత మారిపోయింది. మా ప్రాజెక్టు మేనేజరు కేరళ ఆయన. కంపెనీల కప్పు పోటీల్లో పక్క కంపెనీ చేతిలో ఏటేటా ఓడి తల కొట్టేసినట్టు తిరుగుతున్నాడు. పోరణ్ణి లేబర్ రూములోంచి తీసి స్టాఫ్ బ్లాకులో ఆటగాళ్ళతో పెట్టించాడు. సైట్ బస్సు ఎక్కనక్కర్లేదు. పగలు స్టోర్‌లో ఏసీ కింద కూర్చుని హెల్మెట్లు ఇచ్చి పుచ్చుకుంటే చాలు, సాయంత్రం ప్రాక్టీసు. నాకూ ఆర్డరు వచ్చింది, రోజూ వాడికి ఉడకబెట్టిన గుడ్లు, అరటిపండ్లు, గ్లాసెడు పాలు వేరుగా పెట్టమని. క్యాంపు మొత్తానికి పప్పూ క్యాబేజీ వడ్డించే చేత్తో ఒక్కడికి గుడ్లు వడ్డించి చూడండి, నా బాధ తెలుస్తుంది. లైనులో ఉన్న ప్రతివాడూ ఒకసారి గుడ్డు వంకా ఒకసారి నా మొహం వంకా చూసేవాడు, గుడ్డు నేనే పెట్టినట్టు.

తినడం అయ్యాక మెస్‌లో పంచాయితీ మొదలయ్యేది. ఒక పక్క మా రూములోనే ఉండే జగిత్యాల డ్రైవరు. కంపెనీ పికప్ నడుపుతాడు, నోరు పెద్దది. ఈడు దేశానికి ఆడవలసినోడు, మన అదృష్టం కొద్దీ మన క్యాంపులో పడ్డడు, నెత్తి మీద పెట్టుకోవాలె అనేవాడు. ఇంకో పక్క మా హాజరు రాసే గోదావరి జిల్లా టైమ్‌కీపరు. చదువుకున్న మనిషి, మాటకు ముందు 'అండీ', మాటకు వెనక 'అండీ'. ఆడింది రెండు మూడు మ్యాచులేననీ, ఎడమ కాలు ఇంకా పనికి రాదనీ, బలమైనవాడు మీద పడితే బంతి వదిలేస్తున్నాడనీ, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందనీ ఆయన వాదన. డ్రైవరు మొహం ఎర్రబడేది. ఆంధ్రా వాళ్ళకు మా పోరడు ఎదిగితే కండ్లు మండుతయ్ అనేవాడు. టైమ్‌కీపరు, మండేది కళ్ళు కాదండీ, వాడి గ్యాంగువాళ్ళ నడుములు అనేవాడు.

ఆ మాట నాకు నచ్చేది. ఎందుకంటే కాగితం మీద ఆ పోరడు ఇంకా మా బావ గ్యాంగులోనే ఉన్నాడు. స్టోర్‌లో కూర్చున్నది వాడు, వాడి వాటా చువ్వలు మోస్తున్నది మిగతావాళ్ళు. మనిషి తక్కువున్నాడని ఇంకొకణ్ణి ఇవ్వమంటే, ఫోర్‌మన్ లెక్కలో గ్యాంగు నిండుగానే ఉంది కదా అనేవాడు. బావ రూముకు రాగానే బోర్లా పడుకునేవాడు, నేను నడుముకు బామ్ రాసేవాణ్ణి. రాస్తూ ఆ పోరణ్ణి తిట్టేవాణ్ణి. ఆయన దిండులో మొహం పెట్టుకునే, శుక్రవారం వాడు కొట్టిన పాసు గురించి చెప్పేవాడు. క్యాంపులో వాడికి అందరికంటే పెద్ద అభిమాని మా బావే. వాడి కష్టం మోస్తున్నవాడే వాణ్ణి మెచ్చుకుంటుంటే నేనెవరితో కొట్లాడాలి?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా చెల్లెలికి పెళ్ళయిన చాలా ఏళ్ళకు కొడుకు పుట్టాడు. పుట్టగానే ఊపిరాడక ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. బావ ఆసుపత్రి మెట్ల మీద నిలబడి వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాడు, పిల్లగాడు బతికితే నా చేతుల మీద మోసుకొచ్చి పుట్టువెంట్రుకలు ఇస్తా, గుడి చుట్టూ తిప్పి కోడెను కడతా అని. పిల్లగాడు బతికాడు. వాడి నెత్తికి కత్తెర తగలనివ్వలేదు. పుట్టువెంట్రుకలు మా దగ్గర బేసి ఏట్లోనే తీస్తారు. మొదటి ఏడు చేతిలో చిల్లిగవ్వ లేదు, పైగా వీసా వచ్చింది. బావ మొదటి లీవుకు ఇంటికి పోయేసరికి మూడో ఏడు దాటి నాలుగో ఏడు పడింది. ఇక ఐదో ఏడే అన్నారు. మొదటి కత్తెర పెట్టాల్సిన మేనమామను నేనే, కానీ నేను లేకపోయినా మా తమ్ముడు ఉన్నాడు. తండ్రి బదులు ఎవరూ కూర్చోలేరు, మొక్కినవాడు ఆయన.

ఆ ఏడు పిల్లగాడికి ఐదో ఏడు నడుస్తోంది. ఆషాఢంలో నిండుతుంది. జుట్టు నడుము దాకా వచ్చింది, చెల్లె జడ వేసి రిబ్బను కట్టేది. శివరాత్రి జాతర రద్దీకి ముందే పోయి రావాలని బావ లీవు పెట్టాడు, మంజూరూ అయింది. గ్యాంగులో ఒకసారి ఒక్కరే పోవాలి, ఆ వరుస ఆయనదే. దోహా సిటీకి పోయి అల్ దోహా అల్ జదీదా బజారులో కొడుకుకు ఎర్రంగి కొన్నాడు, గుండు తీశాక పెట్టడానికి బొమ్మలున్న టోపీ కొన్నాడు.

అంతలో మా టీము సెమీఫైనల్‌కు వచ్చింది. ఏనాడూ రానిది వచ్చింది. మేనేజరు గ్యాంగును పిలిచి మెత్తగా చెప్పాడు. ఇతను లీవుకు పోతే సైటులో మనిషి తక్కువవుతాడు, అప్పుడు ఆ పోరణ్ణి స్టోర్ నుంచి సైటుకు పంపక తప్పదు, పగలంతా చువ్వలు మోసినవాడు సాయంత్రం ఏం ఆడతాడు, మీలో మీరే ఆలోచించుకోండి అన్నాడు. ఆయన కాదనలేదు చూశారా, మంజూరైన లీవును ఆయన ఆపలేదు. కత్తి మా చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం మా రూములో కాలు పెట్టే సందు లేదు. పక్క రూములవాళ్ళు కూడా వచ్చారు. డ్రైవరు మంచం మీద నిలబడి ఉపన్యాసం. ఇన్నేండ్లకు మన తెలుగోడు ఒక్కడు గ్రౌండుల నిలవడ్డడు, మలయాళపోళ్ళు సుత మన దిక్కు చూస్తుండ్రు, ఇప్పుడు వాన్ని చువ్వల కిందికి తోలితే మన ఇజ్జత్ ఏమైతది అన్నాడు. లీవు ఎటూ పోదు, ఒక నెల ఆగితే రాజన్న ఏమన్నా అలుగుతడా అని ఎవడో అన్నాడు. అందరూ తలూపారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదేనని నేనన్నాను. మీలో ఎవని లీవన్నా ఇయ్యిరి, ఎవని పిల్లగాని జడన్నా పెంచుకోరి అని అరిచాను. నా మాట వినే స్థితిలో ఎవరూ లేరు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్నే నవ్వారు.

బావ అంతసేపూ మంచం అంచున కూర్చుని వింటున్నాడు. చివరికి లేచి, "ఆడనియ్యుండ్రి. ఆట అయినంక పోత" అన్నాడు.

రూమంతా చప్పట్లు. డ్రైవరు ఆయనను వాటేసుకున్నాడు. ఆయన మొహంలో నిజంగానే సంతోషం ఉంది, అది నేను ఇప్పటికీ మింగలేను. ఏళ్ళ తరబడి వంగి పని చేసిన మనిషిని ఎవరూ ఒక మాట మెచ్చుకోలేదు. ఆ రోజు ఆయన ఇచ్చినదాన్ని చూసి అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకే పడిపోయాడు నా పిచ్చి బావ.

ఒక నెల అన్నది ఎక్కడాగింది? సెమీఫైనల్ గెలిచాం. ఫైనల్ పెట్టేలోపు రంజాన్ వచ్చింది, పండగ దాకా ఆటలు బంద్, ప్రాక్టీసు మాత్రం నడుస్తూనే ఉంది. శివరాత్రి పోయింది. చెల్లె ఫోన్ చేస్తే బావ, ఆట ఒక్కటే మిగిలింది అని చెప్పేవాడు. మా చెల్లెకు దోహా తెలియదు, ఖతార్ తెలియదు, అన్నీ దుబాయే. "దుబాయ్‌కి ఆట ఆడెటందుకు పోయినవా?" అని అడిగింది. పిల్లగాడు మాత్రం ఫోన్ లాక్కుని ప్రతిసారీ అదే ప్రశ్న అడిగేవాడు, బాపూ ఎప్పుడొస్తవ్ అని. వస్త బిడ్డా, వచ్చి గుండు చేపిస్త అనేవాడు బావ.

పండగ తరువాత ఇండస్ట్రియల్ ఏరియా గ్రౌండులో ఆ పక్క కంపెనీతోనే ఫైనల్ జరిగింది. అబద్ధం చెప్పను, పోరడు గొప్పగా ఆడాడు. ఎదుటివాళ్ళు వాడి మీదికి ఇద్దరిద్దరు వచ్చారు. వాడు పడ్డాడు, లేచాడు, ఎడమ కాలితోనే ఒక బంతిని మనుషుల మధ్య నుంచి అలా జార్చాడు, గోల్. టైమ్‌కీపరు నా భుజం పట్టుకుని, నేను తప్పు చెప్పానండీ, వీడు నిజంగా ఆటగాడండీ అన్నాడు. కప్పు వచ్చింది. మేనేజరు దాన్ని ఎత్తి ఫోటోలు దిగాడు, డ్రైవరు పోరణ్ణి భుజాల మీద మోశాడు. బావ గొంతు రెండు రోజులు పని చేయలేదు, అంత అరిచాడు.

కప్పు ఆఫీసులో అద్దాల బీరువాలోకి చేరిందో లేదో, పోరడు ఓడిపోయిన ఆ పక్క కంపెనీకే పోయాడు. స్టోర్‌కీపర్ ఉద్యోగం, కాగితం మీదే రాసి ఇచ్చారట. ఇప్పుడు ఇక్కడ కంపెనీ మారడానికి పాత కంపెనీని అడిగే పని లేదు. మళ్ళీ మెస్‌లో పంచాయితీ. ఏరు దాటాక తెప్ప తగలేశాడని డ్రైవరు శాపనార్థాలు. వాడి ఫోటో తన ఫోన్‌లోంచి తీసేశాడు. ఆటగాడి కాళ్ళు ఎన్నాళ్ళుంటాయండీ, దొరికినప్పుడు పోక ఏం చేస్తాడు అని టైమ్‌కీపరు వెనకేసుకొచ్చాడు. బావ కూడా మంచిగనే అయింది, పోరడు బాగుపడ్డడు అన్నాడు.

పోరడు పోగానే ఇంతకాలం నిండుగా ఉన్న గ్యాంగు ఫోర్‌మన్ లెక్కలో ఒక్కసారిగా తక్కువైంది. బావ లీవు కాగితం మళ్ళీ తీసుకుని మేనేజరు దగ్గరికి పోయాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు సర్కారు పెట్టే పని బంద్ మొదలయ్యేలోపు స్లాబ్ పోయాలి, కొత్త మనిషి వచ్చేదాకా మాఫీ లీవు, అంటే లీవు లేదు, అన్నాడు ఆయన. తలుపు తీసి పట్టుకుని మరీ చెప్పాడట. నేను రూములో డ్రైవరును పట్టుకున్నాను. ఇప్పుడు మాట్లాడు, ఆ రోజు మంచమెక్కి మాట్లాడినవు గదా అన్నాను. గట్లయితదని ఎవనికి తెలుసే అని మొహం తిప్పుకున్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా పెద్దలు.

బడులు తెరిచారు. చెల్లె పిల్లగాణ్ణి బడిలో వేసింది. తరవాత ఒక పొద్దున, నేను మెస్‌లో బియ్యం కడుగుతుండగా ఫోన్ చేసింది. ముందు ఏడుపే వినిపించింది. బడిలో పిల్లలు పోరి, పోరి అని జడ గుంజారట. పిల్లగాడు ఇంటికి వచ్చి, చెల్లె బట్టలు కుట్టే కత్తెర తీసుకుని, మిషను వెనక కూర్చుని, జడ మొదటికంటా కోసేశాడు. రాజన్నకు పోవాల్సిన వెంట్రుకలు గుడ్డపేలికల మధ్యలో పడి ఉన్నాయి. తల మీద ఒక చోట గాటు కూడా పడింది. ఎవరికి చెప్పాలె అన్నా, దేవునికి ఏం చెప్పాలె అని ఆమె అడుగుతుంటే, నాకు చేతిలో బియ్యం నీళ్ళు కారిపోతున్నా తెలియలేదు.

బావకు నేనే చెప్పాను. డ్యూటీ బస్సు దిగగానే చెప్పాను, దాచడం నా వల్ల కాదు. ఫోన్‌లో కొడుకును చూశాడు. ఎలుకలు కొరికినట్టున్న ఆ నెత్తిని చూశాడు. పిల్లగాడు తల్లి వెనక దాక్కున్నాడు, మొహం చూపించలేదు, ఈసారి ఎప్పుడొస్తవ్ అని అడగలేదు. బావ ఫోన్ జేబులో పెట్టుకుని పోయి స్నానం చేశాడు. ఆ రోజు ఆయన పళ్ళెం కడగకుండానే నాకు తిరిగొచ్చింది, అందులో అన్నం అన్నంలాగే ఉంది.

రెండు శుక్రవారాల తరవాత ఆ పోరడు మా రూముకు వచ్చాడు. కొత్త కంపెనీ టీషర్టు, చేతిలో స్వీట్ల డబ్బా. వాణ్ణి అంత తిట్టిన డ్రైవరే ముందు లేచి భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. అందరూ చుట్టూ మూగి కొత్త టీము ఎట్లుంది, ఈసారి ఎవరు గెలుస్తరు అని అడగడం. ఏమన్నా సిగ్గుందా వీళ్ళకు అనుకుంటూ నేను పై మంచం మీదే ఉన్నాను. పోరడు అందరినీ తప్పించుకుని బావ మంచం దగ్గరికి వచ్చి కింద కూర్చున్నాడు. వాడికి చువ్వలు కట్టడం నేర్పిన రోజుల్లో బావ మొక్కు సంగతి చెప్పినట్టున్నాడు, వాడు మరిచిపోలేదు.

"అన్నా, వేములవాడ పోయొచ్చినవా? పోరనికి గుండు మంచిగ అయిందా?" అని అడిగాడు.

డ్రైవరు ఫోన్‌లో తల దూర్చాడు. ఇక నేను ఆగలేదు. పై నుంచే అన్నీ చెప్పేశాను, లీవు ఎవరికోసం ఆగిందో, చప్పట్లు ఎవరు కొట్టారో, జడ ఎక్కడ పడిందో. వాడి మొహంలో రక్తం లేదు.

"నాకెవ్వరు చెప్పలేదన్నా. నేను సైటుకు పోతనని మేనేజర్‌కి చెప్పిన. మనుషులు నిండ ఉన్నరన్నడు. డ్రైవరన్నను అడిగితే, నీకెందుకుర, నువ్వు ప్రాక్టీసు చేసుకో అన్నడు." వాడు బావ వైపు తిరిగాడు. "నీ లీవు ఆపుకొమ్మని నేను అడగలేదన్నా."

బావ స్వీట్ల డబ్బా మూత పెట్టి వాడి చేతిలోనే ఉంచాడు. కోపం లేదు ఆయన గొంతులో. అదే నాకు భరించరానిది.

"నువ్వు అడగలే, బిడ్డా. అడిగింది నా కొడుకొక్కడే. గా ఒక్కని మాటే నేను ఇనలే" అన్నాడు.